మేఘాద్రిగెడ్డ గట్టున వరద గణితము

విశాఖపట్టణవాసికి జలభయమనగా మొదట స్ఫురించునది సముద్రము. తుపాను మాట వినబడినంతనే అతని చూపు తూర్పు దిక్కునకు మరలును. రేవులో ఎన్నవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరని వాకబు చేయును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి ఈ నగరమునకు గావించిన విధ్వంసమును కన్నులార చూచినవారికి ఆ భయము సహజమే. అయినను 2021 సెప్టెంబరు 26 సాయంకాలము గులాబ్ తుపాను కళింగపట్టణ సమీపమున తీరము దాటి, ఆ రాత్రి ఈ ప్రాంతముపై ఎడతెరపి లేక వర్షించినపుడు, మరునాటి యుదయమునకు విమానాశ్రయమును ముంచిన నీరు సముద్రమునుండి వచ్చినది గాదు. పడమటి కొండలమీదను, పెందుర్తి పరిసర గ్రామముల పొలములమీదను పడి, గెడ్డల వెంట దిగి, రేవు చేరుటకు త్రోవ చాలక వెనుకకు ఎగదన్నిన వాన నీరు.

నదులకు పుష్కరములు చేయుదుము, హారతులు పట్టుదుము. గెడ్డను తలచువారు లేరు. గోదావరికి ధవళేశ్వరమున గంటగంటకు మట్టము చూచి లోకమునకు చాటువారున్నారు. 1986 ఆగస్టులో అచ్చట 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినదని ఆ తీరమున పెద్దలు నేటికిని చెప్పుకొందురు. మన పెరటి వెనుక పారు గెడ్డలో ఏ యేట ఎంత నీరు వచ్చినదని యడిగినచో బదులు పలుకగలవారు అరుదు. కొలత లేని ఏటికి వరద సంభావ్యతను ఎట్లు గట్టుదురు, ఆ గట్టిన లెక్కను ఎంతవరకు నమ్మవచ్చును అను సందేహము నన్ను చాలకాలముగా బాధించుచుండెను. నీటిపారుదల శాఖలో చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్న ఒక ఇంజనీరుగారు, ఈ జిల్లా గెడ్డల వెంట ఉద్యోగజీవితమంతయు తిరిగినవారు, నన్ను వెంటబెట్టుకొని పోవుటకు అంగీకరింపగా, శ్రావణమాసపు ఒక యుదయమున గోపాలపట్టణము దాటి మేఘాద్రిగెడ్డ జలాశయపు గట్టు చేరితిమి.

సింహాచలపు కొండల వరుస ఒక ప్రక్కన పచ్చగా తడిసియుండెను. జలాశయపు పూర్తి మట్టము 61 అడుగులు. ఆనాడు నీరు దానికి చాల దిగువననే యున్నది. గోడకు బిగించిన తెల్లని పలకపై నల్లని అంకెలు అడుగులకును, అడుగులో పదవ వంతులకును విభజింపబడియున్నవి. గాలికి అలలు లేచి పడుచుండగా నీటి మట్టము చూచు లస్కరు వంగి కొంతసేపు కదలక నిలిచి, నీరు ఎగసిన చోటును దిగిన చోటును గమనించి, రెంటికిని నడిమి అంకెను రిజిస్టరులో వ్రాసెను. "అల ఎగిసినప్పుడు అంకె రాసేస్తే లెక్కలో వరద పెరిగిపోతాది సార్" అని అతడు నావైపు తిరిగి చెప్పినపుడు, ఇంజనీరుగారు ఆ మాటను విప్పి చూపిరి. ఈ గెడ్డలోనికి వచ్చు ప్రవాహమును నేరుగా కొలుచు సాధనము గట్టుమీద లేదు. గంటకు గంటకు మట్టమెంత మారినదో చూచి, ఏ మట్టమునకు ఎంత నిలువయో తెలుపు పట్టికలో వెదకి, పెరిగిన నిలువకు గేట్ల ద్వారా విడిచిన నీటిని కలిపినచో ఎగువనుండి వచ్చినదెంతయో తేలును. నీటి వైశాల్యము ఒక్క చదరపు కిలోమీటరే యైనను, పలకమీద పదవ వంతు అడుగు పొరబాటు ఆ గంట లెక్కలో సుమారు 300 క్యూసెక్కుల ప్రవాహమై కూర్చుండును. వాననాటి రాత్రి, లాంతరు వెలుగున, గొడుగు నిలువని గాలిలో, ఆ నడిమి అంకెను పట్టుకొనువాని ఓర్పుమీద రేపటి శాస్త్రజ్ఞుని సంభావ్యత యంతయు ఆధారపడియున్నది. పెద్ద పెద్ద గ్రంథములలో ఈ లస్కరు పేరు కానరాదు. కాని ఆ గ్రంథముల అంకెలకు పుట్టినిల్లు ఇతని రిజిస్టరే.

గట్టు దిగువ చెట్టు నీడను కూర్చుండి ఇంజనీరుగారు లెక్క మొదలుపెట్టిరి. ఏటికి వచ్చిన వరదలన్నియు అక్కరలేదు; ఒక్కొక్క సంవత్సరములో అన్నింటికంటె పెద్దదానిని మాత్రమే ఏరి, అట్టివానిని పెద్దదానినుండి చిన్నదానికి వరుస పెట్టవలయును. 39 ఏండ్ల అంకెలున్నచో మొదటిదానిని ఏ యేటనైనను మించుటకు సంభావ్యత 40లో ఒకటవ వంతు, రెండవదానికి 40లో రెండు వంతులు, ఇట్లు క్రిందికి. ఇది అనుభవమునకు అందిన భాగము. వంతెన కట్టువానికి కావలసినది మాత్రము అనుభవమునకు అందని భాగము: ఏబదియేండ్లకో నూరేండ్లకో ఒకసారి వచ్చునట్టి వరద. అచ్చటికి పోవుటకు 1941లో గుంబెల్ అను గణితవేత్త, ప్రతి సంవత్సరపు గరిష్ఠములు ఒక ప్రత్యేక నియమము ననుసరించి చెదరియుండునని చూపి, ఆ నియమమునకు తగిన గీత గీసి దానిని ముందునకు పొడిగించు మార్గము చెప్పెను. నేటికిని మన ఇంజనీరింగు కళాశాలలలో విద్యార్థి మొట్టమొదట నేర్చుకొను వరద గణితము ఇదియే.

ఇచ్చట జనసామాన్యములో పాతుకొనిన అపోహ నొకదానిని పెరికివేయుట అవసరము. నూరేండ్ల వరద యన్నంతనే, నిరుడు వచ్చినది గనుక ఇక మన మనుమలనాటి వరకు రాదని గుండెపై చేయి వేసికొని నిద్రించువారిని నేనెరుగుదును. ఆ పేరున కర్థము, ఏ యేటనైనను నూటికి ఒక వంతు అవకాశము గలదని మాత్రమే. గెడ్డకు జ్ఞాపకశక్తి లేదు. నిరుడు పొంగితినని ఈయేడు సిగ్గుపడదు. గెడ్డ ప్రక్కన ఇల్లు కట్టుకొన్న కుటుంబము 30 ఏండ్లు అచ్చట కాపురముండినచో, ఆ కాలములో ఒక్కసారియైనను నూరేండ్ల వరద వారి గడప తొక్కు నవకాశము నూటికి 26 వంతులు. నాలుగు కుటుంబములలో ఒకదానికి జరుగు దానిని అరుదని యెట్లందుము? నూరేండ్లు గడచినను అది వచ్చి తీరునను నిశ్చయము లేదు. వచ్చు నవకాశము 63 వంతులే. ఈ అంకెలను స్థలము అమ్ము కాగితములపై ముద్రింపవలయునని నా అభిప్రాయము.

"ఇంత చెప్పినను, ఈ గుంబెల్ గీతకు పైన ఒక గీత, క్రింద ఒక గీత గీయనివాడు నిజాయితీపరుడు గాడు" అనిరి ఇంజనీరుగారు. ముప్పది నలుబది ఏండ్ల అంకెలతో నూరేండ్ల వరదను చెప్పుట, తెలిసిన త్రోవ ముగిసిన తరువాత దాని వాలునుబట్టి తెలియని దూరమును ఊహించుట. నడిమి గీత పదివేలనినచో నిజము ఏడువేలయినను కావచ్చును, పదునాలుగువేలయినను కావచ్చును. ప్రభుత్వ దస్త్రములలో ఆ పై గీతయు క్రింది గీతయు రాలిపోయి నడిమి అంకె యొక్కటే మిగులును. అది చేతులు మారినకొలది సంశయము నశించి వేదవాక్యమై కూర్చుండును.

ఇంతవరకు చెప్పినది జలాశయము పుణ్యమున కొంత కొలత దొరకిన గెడ్డ సంగతి. మిగిలినవాని గతి యేమి? పూర్వము మన దక్షిణాది ఇంజనీర్లు 1884లో రైవ్స్ ఇచ్చిన సూత్రమును చేతబట్టుకొని పోయెడివారు. పరివాహక వైశాల్యమును ఒక ఘాతమునకు హెచ్చించి ఒక గుణకముచే గుణించినచో గరిష్ఠ వరద వచ్చును. సంభావ్యత మాట అందులో లేనే లేదు. గుణకము తూర్పు తీరమునకు 80 కిలోమీటర్లలోపు 6.8, అటుపై 160 కిలోమీటర్ల వరకు 8.5, కొండలచేరువ చిన్న ప్రాంతములకు 10.2. విశాఖపట్టణపు గెడ్డ సముద్రమునకు కూతవేటు దూరమున నున్నది, దాని శిరస్సు కొండలో నున్నది. ఏ గుణకము వేయుదుము? నూరు చదరపు కిలోమీటర్ల గెడ్డకు ఒకటి 5,200 క్యూసెక్కులనును, మరొకటి 7,800 అనును. ఇంజనీరుగారు పెన్సిలు తిప్పి మరొక లెక్క వేసిరి. ఆ నూరు చదరపు కిలోమీటర్లపై ఒక దినములో 283 మిల్లీమీటర్ల వాన పడినచో ఆ నీరు సరిగా ఒక టీఎంసీ. ఒక టీఎంసీ ఇరువదినాలుగు గంటలు సమముగా ప్రవహించినచో 11,574 క్యూసెక్కులు. సగము నేల త్రాగినను సగటు ప్రవాహము సుమారు 5,800 ఉండును. వాన సమముగా పడదు గనుక ఉధృతి దానికి ఎన్నో రెట్లుండును. గులాబ్ నాటి విమానాశ్రయపు వర్షపాతము ఆ 283 మిల్లీమీటర్ల దరిదాపులదే. రైవ్స్ దొరగారి తరువాత శతాబ్దమునకు పైగా గడచినను, ఆయన సూత్రముపై నిలిచిన కల్వర్టులు ఈ జిల్లాలో ఇంకను ఎన్ని యున్నవో తలచిన మనస్సు కలతపడును.

స్వాతంత్ర్యానంతరము ఖోస్లా అధ్యక్షతన ఏర్పడిన ఇంజనీర్ల సంఘము ఈ గుడ్డి సూత్రములను విడిచిపెట్టి, దేశమును వాన స్వభావమునుబట్టి విభజించి, ఎంపిక చేసిన రైలు వంతెనల యొద్ద చిన్న ఏరుల ప్రవాహమును కొలువవలయునని సూచించినది. తదనుసారముగా దేశము 7 మండలములుగను 26 ఉపమండలములుగను విభక్తమైనది; మహానదికిని గోదావరికిని నడుమ తూర్పుగా పారు ఏరులన్నియు 4(ఎ) అను ఉపమండలమునకు చెందినవి. కేంద్ర జలసంఘము, రైల్వే పరిశోధన సంస్థ, వాతావరణ శాఖ, రవాణా శాఖ కలిసి చేసిన పని యిది. ఏటి పొడవు, వాలు, పరివాహక వైశాల్యము అను మూడు నాలుగు లక్షణములను పటముపై కొలిచి, ఒక సెంటీమీటరు వాన ప్రవాహముగా మారినచో అది ఎన్ని గంటలకు శిఖరమునకు చేరి యెట్లు తగ్గునో ఒక రూపము గట్టుదురు. పిమ్మట ఏబదియేండ్లకొకసారి వచ్చు వానను వాతావరణ శాఖవారి పటమునుండి తీసికొని, నేల ఇంకించుకొను భాగమును తీసివేసి, ఆ రూపములో పోయుదురు. ఏటికి కొలత లేకపోయినను ఏటి శరీరమునకు కొలత యున్నది. దానికి వాన సంభావ్యతను జోడించి వరద సంభావ్యతను రాబట్టుదురు.

వానకు ఇంత నమ్మకమెచ్చటిది? వర్షమాపకము పాతుట ప్రవాహమాపకము నిలుపుటకంటె సులభము గనుక వాన అంకెలు దీర్ఘకాలమునుండి లభించుచున్నవి. ఈ విషయమున విశాఖపట్టణము గర్వింపదగిన చరిత్ర గలది. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు, మద్రాసు వేధశాలాధిపతియైన టేలరు దొరవద్ద అభ్యసించి వచ్చి, డాబాగార్డెన్స్‌లో స్వంత ధనముతో వేధశాల నెలకొల్పిరి. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపి, నక్షత్రములతోపాటు ఈ ఊరి వాతావరణమును గూడ శ్రద్ధగా నమోదు చేయించిరి. ఒక తెలుగు జమీందారీ కుటుంబము ఏ ప్రభుత్వపు ఆజ్ఞయు లేకయే వానచినుకులను లెక్కించుటకు పూనుకొన్న ఆ నిష్ఠకు నేను నమస్కరించుచున్నాను. అటుపిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య వి.పి. సుబ్రహ్మణ్యంగారు పడిన వాన, ఆవిరియైన నీరు, నేలలో నిలిచిన నీరు అను జమాఖర్చు విధానమును భారతదేశమున కంతకును వర్తింపజేసి 1956లో ప్రకటించిరి. తుపాను హెచ్చరికల కేంద్రము 1974లో ఈ నగరముననే వెలసినది.

అయినను ఏబదియేండ్ల వాన ఏబదియేండ్ల వరదనే తెచ్చునని చెప్పుటకు వీలు లేదు. ఎండిన నేలపై పడిన పెద్ద వాన చిన్న వరదగా ముగియవచ్చును. వారము దినములు తడిసిన నేలపై పడిన మధ్యరకపు వాన ఊరిని ముంచవచ్చును. వరదను వాన ఒక్కటే నిర్ణయింపదనుటకు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదకంటె నిదర్శనము వేరొకటి లేదు. హైదరాబాదును ముంచిన ఆ 4,25,000 క్యూసెక్కులను పరిశీలించుటకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, మూసీ పరివాహకములోని చెరువులను లెక్కింప మొదలిడి, అవి ఒకదాని నీటి తాకిడికి మరొకటి వరుసగా తెగిపోవుటచే వరద ఎంత ఉధృతమైనదో గ్రహించిరి. కృష్ణకు ఉపనదియైన ఆ మూసీపై ఉస్మాన్‌సాగర్, దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్‌సాగర్ వెలయుటకు ఆ పరిశీలనయే మూలము.

మధ్యాహ్నము అనకాపల్లి చేరి శారదానది వంతెన యొద్ద నిలిచితిమి. స్తంభముపై ప్రమాద మట్టము రంగుతో గుర్తింపబడియున్నది. రైల్వేవారు అత్యధిక వరద మట్టమును సంవత్సరముతో సహా వ్రాసియుంచుట పూర్వాచారము. శారద ఒక్క ఏరు గాదు. దేవరాపల్లి వద్ద రైవాడ జలాశయము శారదపై నున్నది. బొడ్డేరుపై కోనాము, పెద్దేరుపై దాని పేరిటి జలాశయము నున్నవి. ఈ ఉపనదులు ఒకే కనుమలలో పుట్టి, ఒకే తుపానుల వాన త్రాగుచున్నవి. అన్నదమ్ములలో ఒకని పోలిక తెలిసినచో మరొకని గూర్చి కొంత ఊహింపవచ్చునట్లు, ఒకదాని కొలతలు మరొకదానికి ఉపకరించును. ప్రతి ఏటి వార్షిక వరదలను దాని సగటుచే భాగించినచో పెద్ద ఏరును చిన్న ఏరును ఒకే కొలబద్దపైకి వచ్చును. ఒక్కొక్కదానికి ఇరువదేండ్ల అంకెలున్న పది ఏరులను అట్లు కలిపినచో, ఒక్క ఏటికి ఎన్నటికిని దొరకనంత అనుభవము చేతికి వచ్చును. వరదల చెదరుదనము సగటులో సగమున్న ఏరులలో, గుంబెల్ నియమము ప్రకారము, నూరేండ్ల వరద సగటు వార్షిక వరదకు రెండున్నర రెట్లు మించును. కొలత లేని గెడ్డకు ఆ సగటును వైశాల్యమునుండి అంచనా వేసికొని ఈ రెట్లచే గుణించిన చాలును.

ఇందు దాగియున్న ప్రమాదమును గూడ చెప్పవలయును. ఒకే తుపాను పది ఏరులను ఒక్కరాత్రి ముంచినచో ఆ పది అంకెలు పది సాక్ష్యములు గావు. ఒకే సాక్షి పది నోళ్ల పలికినట్లే. పొరుగు ఏరులను కలిపి లెక్క వేయువారు ఈ సంగతి మరచినచో, లేని ధీమా అంకెలలోనికి చేరును.

ఇట్టి లెక్కల అవసరమెంతటిదో తెలియగోరువారు ఏలేరు ఎడమ కాలువ వెంట పోయి చూడవలయును. విశాఖ ఉక్కు కర్మాగారమునకు నీరు తెచ్చు ఆ 153 కిలోమీటర్ల కాలువ, కనుమలనుండి సముద్రమునకు దిగు ఏరులన్నింటిని అడ్డముగా దాటి రావలయును. తాండవ, వరాహ, శారదలు పేరుగలవి. పేరులేని గెడ్డలు, వాగులు వానికి ఎన్నో రెట్లు. ప్రతి దాటుడు వద్దను గెడ్డ నీరు కాలువ క్రిందుగానో పైగానో పోవుటకు దారి విడువవలయును. ఆ దారి వెడల్పును నిర్ణయించినది వరద అంచనాయే. ఎచ్చట తక్కువ కట్టినను అచ్చట గండి పడును. కొలిమిలకు నీరు ఆగును.

తిరుగు ప్రయాణమున మేఘాద్రిగెడ్డ దిగువ భాగమును చూచితిమి. ఉప్పుటేటి బురదనేలను త్రవ్వి, 1933లో ప్రారంభోత్సవము జరిపిన లోపలి రేవులోనికే ఈ గెడ్డ దిగుచున్నది. అచ్చట ఆటుపోటుల తేడా పెద్ద తిథులలో సుమారు ఒకటిన్నర మీటరు. గెడ్డ వరద శిఖరము పోటు వేళకు వచ్చినచో రేవు నీరు దానిని అడ్డగించును. ఆటు వేళకు వచ్చినచో సులభముగా పోవును. కాబట్టి వరద సంభావ్యత ఒక్కటే చాలదు. గెడ్డకు వరద వచ్చుట, తుపాను ఉప్పెన పోటుతో కలియుట, ఆ వేళకే గేట్లెత్తుట, ఈ మూటి సంయోగపు సంభావ్యత కావలయును. ఒకే తుపాను వానను, ఉప్పెనను తెచ్చునది గనుక, ఆ రెంటిని పరస్పర సంబంధము లేనివానివలె గుణించుట గొప్ప తప్పిదము. అందుపైని, నూతనముగా వెలసిన కాలనీల కప్పులు, సిమెంటు రోడ్లు వానను నేలలో ఇంకనీయక క్షణములలో గెడ్డకు పంపుచున్నవి. ముప్పది ఏండ్ల క్రిందటి ప్రవాహపు అంకె నేటి గెడ్డకు చెందినది గాదు.

గెడ్డ ప్రక్కనున్న ఒక పల్లెలో, అమ్మవారి గుడి మెట్లపై కూర్చున్న ఒక వృద్ధుని ఇంజనీరుగారు పలుకరించిరి. "తాతా, గెడ్డ ఎంతవరకు వచ్చింది?" అనగానే ఆయన లేచి, కర్రతో మెట్లను తట్టి చూపెను. "నానెరిగుండగా ఈ రెండో మెట్టు దాటనేదు బాబూ. గులాబు తుపానుకే మూడో మెట్టు మీదకొచ్చీసింది. మా అయ్య కూడా రెండో మెట్టే ఆకరని సెప్పీవోడు."

ఇంజనీరుగారి ముఖమున కలిగిన ఉత్సాహము నాకు మొదట బోధపడలేదు. వరద వచ్చిన సంవత్సరములే గాక, ఒక మట్టమును దాటని సంవత్సరములు గూడ లెక్కకు పనికివచ్చునని వారు వివరించిరి. ఆ వృద్ధుని వయస్సు ఎనుబదికి చేరువ; అతని తండ్రి మాటను సగము నమ్మినను, ఎనిమిది పదుల ఏండ్లలో రెండవ మెట్టు దాటినది ఒక్కసారియే. ఒక్కొక్క యేట ఎంత వచ్చినదో తెలియకున్నను, ఇంతకు మించలేదను సమాచారము సంభావ్యతా వక్రపు పై కొసను గట్టిగా పట్టి యుంచును. జలాశయపు రిజిస్టరు చూపు కాలమునకు ఈ మెట్ల సాక్ష్యమును జోడించినచో, ఇందాక చెప్పిన పై గీతకును క్రింది గీతకును నడుమ ఎడము తగ్గును. అయితే జలాశయము కట్టక పూర్వపు గెడ్డయు తరువాతి గెడ్డయు ఒకటి గావు. మేటవేసిన మట్టియు గుర్రపుడెక్కయు తక్కువ నీటినే ఎక్కువ ఎత్తునకు లేపుచున్నవి. కావున మెట్టు ఎత్తును ప్రవాహముగా మార్చునపుడు ఆయా కాలపు గెడ్డ అడుగును విడిగా ఊహింపవలయునని వారే హెచ్చరించిరి.

కారునుండి లెవెలు యంత్రమును, కొలత కర్రను తెప్పించి మూడవ మెట్టు అంచున నిలిపిరి. కర్రను నిటారుగా పట్టుట నా పని యైనది. పల్లె పిల్లలు చుట్టుజేరిరి. ఒక్క గుర్తుతో ప్రవాహము తేలదు. ఎగువన అదే వరదకు చెందిన మరొక గుర్తు దొరకినచో నీటి వాలు తెలియును, వాలునుండి వేగము, గెడ్డ కోతను కొలిచినచో పరిమాణము తెలియును. ఆ మాట వినగానే వృద్ధుడు కర్ర ఊతగా నిలిచి, మా మేనకోడలింట కిటికీ చువ్వలకు బురద పట్టిన మచ్చ ఇంకను ఉన్నదని చెప్పి, ఎగువ వీధికి దారితీసెను.